శిక్ష చేతకా, జాతికా?

బనగానపల్లె పేరు దేశమునకు తెలిసినది ఒక పండువలన. ఆ పండు అడవిలో తనంత తాను కాచి మన ముంగిటికి రాలేదు. మేలైన చెట్టును గుర్తించి, అంటు కట్టి, తరతరములుగా ఆ గుణము చెడకుండ నిలిపిన తోటమాలి చేతి చలువ అది. 2017 మే నెలలో ఆ పండునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మనమందరము సంతోషించితిమి. అదే నెల 23వ తేదీన కేంద్రప్రభుత్వమువారు కుక్కల పెంపకమునకును విక్రయమునకును సంబంధించిన నిబంధనలను ప్రకటించిరి. జాతిని నిలుపు విద్య రెండు చోట్లను ఒక్కటే. అయినను మామిడిజాతిని కాచినవానికి గౌరవము, శునకజాతిని కాచువానికి అనుమానము! ఇది ఏమి న్యాయము?

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. కుక్కకాటును తేలికగా చూచువారము మేము కాము. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో వీధికుక్కలు ఒక పసివానిని చంపినప్పుడు తెలుగునాట కంటతడి పెట్టని తల్లి లేదు. 2017 నిబంధనలలో మంచి లేదనియు మేము అనము. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను కట్టించరాదు. ఎనిమిదేండ్లు దాటినదానిని బాధింపరాదు. ఇవి దయగల నియమములు. నిజమైన పెంపకందారు వీనిని చట్టము పుట్టకముందునుండియే పాటించుచున్నాడు.

మరి మా అభ్యంతరమెక్కడ? ఆ నిబంధనలలో పెంపకందారు అను మాటకు చెప్పిన అర్థమును చదువుడు. జాతికుక్కలను పెంచి పిల్లల నమ్ము గృహస్థుడు, నడుమ చేతులు మార్చు దళారి, అంగడి వర్తకుడు, కూలికి ఇతరుల కుక్కలను ఉంచుకొను వసతిశాలవాడు, అందరును ఒకే గొడుగు క్రిందికి వచ్చిరి! అందరికిని ఒకే నమోదు, ఒకే అయిదువేల రూపాయల రుసుము, రెండేండ్ల గడువు. ఏటికి వంద పిల్లలను చేతులు మార్చు వర్తకునికి ఆ అయిదువేలు చిల్లర డబ్బు. ఇంటిలో ఒక్క ఆడకుక్కను పెంచి, రెండేండ్లకు ఒక ఈత తీసి, రెండు పిల్లలను మిత్రులకిచ్చి, మిగిలిన రెంటిని అమ్ముకొను ఉపాధ్యాయునకు అది టీకాల ఖర్చుపై మరొక మోపు. ఇంతకును అధికారి తలుపు తట్టునది ఎవరి ఇంట? పేరు వ్రాయించుకొని, లెక్క పుస్తకము చూపువాని ఇంట. నెల నిండని పిల్లలను గంపలో పెట్టి బాటప్రక్క అమ్మువానికి చిరునామా యేది? ఫోనులో బేరమాడి మాయమగువానికి పుస్తకమేది? అడ్రసున్నవాడే దొరకును, దొరికినవాడే దోషియగును.

2024 మార్చి 12వ తేదీ నాటి కేంద్రప్రభుత్వ లేఖ ఇంకొక అడుగు ముందుకు వేసినది. 23 జాతులను క్రూరజాతులని పేర్కొని, వాని దిగుమతికి, పెంపకమునకు, విక్రయమునకు అనుమతులు ఈయవలదని రాష్ట్రములను కోరినది. ఇండ్లలో నున్నవానికి సంతానము కలుగకుండ చేయవలెనన్నది. ఆ పట్టికలో టెర్రియర్లు అని ఒక్క మాట! ఒడిలో ఇమిడిపోవు యార్క్‌షైర్ టెర్రియరును, పోరాటమునకు పెంచిన పిట్‌బుల్లును ఒకే త్రాట కట్టిరి. ఏప్రిల్ 10వ తేదీన కర్ణాటక హైకోర్టు, సంబంధించినవారి మాట వినలేదని ఆ లేఖను కొట్టివేసినది. న్యాయశాస్త్రమున మేము నేర్చిన తొలి పాఠము ఒకటే: శిక్ష చేతకు గాని పుట్టుకకు గాదు. కుక్క కరచినచో విడిచిపెట్టిన యజమానిని పట్టుడు, నష్టపరిహారము రాబట్టుడు. జాతి పేరు వ్రాసి చేతులు దులుపుకొనకుడు.

వీధికుక్కల సమస్య వేరు. వానికి శస్త్రచికిత్స, టీకా వేయు భారమును 2001 నిబంధనలు, 2023 నిబంధనలు పురపాలక సంఘాదులపై మోపినవి. ఆ పని సరిగా సాగనందుననే వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కల నన్నిటిని శరణాలయములకు తరలింపుడని ఉత్తరువు. 22న, పిచ్చిపట్టినవి, మీదపడునవి తప్ప మిగిలినవానిని టీకా వేసి తిరిగి విడువుడని సవరణ! వీధిని చక్కబెట్టలేని కోపము ఇంటి పెంపకందారుపై పడుచున్నది. అత్తమీది కోపము దుత్తమీద చూపుట అనగా ఇదియే.

ఇందువలన పోవునదేమి? ముధోల్ మన బనగానపల్లెవలెనే ఒక చిన్న సంస్థానము. రెండును 1948లో దేశమున కలిసినవి. ఈ సంస్థానము మామిడికి పేరు తెచ్చినది. ఆ సంస్థానము వేటకుక్కకు పేరు తెచ్చినది. పాలకుల ఆదరము, పల్లెల రైతుల శ్రద్ధ ముధోల్ కుక్కను నిలిపినవి. 2016లో భారతసైన్యము వాని పిల్లలను శిక్షణకు తీసికొన్నది. మరి కొల్లేటి సీమలో బాతుల మందలను కాచిన మన జోనంగి మాట యేమి? చేపల చెరువులు పెరిగి, బాతుల మందలు తగ్గి, అది కంటికి అరుదైనది. అట్టి స్వదేశీజాతిని రక్షింపగలవాడు దళారి కాడు. లాభము చూడక పెంచు గృహస్థుడే. వాని చేతులు కట్టివేసినచో మనకు మిగులునది బొమ్మలోని కుక్కయే.

కావున మా కోరికలు నాలుగు. ఇంటి పెంపకందారును వర్తకుని నుండి వేరుగా నిర్వచింపవలెను. వానికి నామమాత్రపు రుసుముతో, సమీపమున నున్న పశువైద్యశాలయందే నమోదు జరుగవలెను. తనిఖీ మొదట సంతకు, అంగడికి పోవలెను. ఏ జాతిని నిషేధింపదలచినను ముందుగా పెంపకందారులను, పశువైద్యులను, కాటు తిన్నవారిని పిలిచి వినవలెను.

పెంపకందారులకును ఒక మాట. చట్టము కఠినమని దాగుకొనకుడు. మీ పుస్తకములు తెరచియుంచుడు. కొన్నవాడు సాకలేనన్న పిల్లను మీరే తిరిగి తీసికొనుడు. తప్పుచేయు తోటివానిని మీరే మందలింపుడు. తన ఇంటిని తాను దిద్దుకొన్నవానికే ప్రభుత్వమును ప్రశ్నించు అధికారము కలదు. పఠనమందిరములలో దీనిని చదువు సోదరులు రెండు వాక్యముల వినతిపత్రము వ్రాసి శాసనసభ్యునకు పంపినను చాలును. ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుకొనుట వివేకము కాదని ఎవరో ఒకరు చెప్పవలయును గదా!