ఇండికేటరు వెలగకపోతే తప్పు బల్బుదేనా?

మీ ఇంట్లో ఒక మోటారు సైకిలు ఉందనుకోండి. ఒక సాయంత్రం కుడివైపు ఇండికేటరు వేస్తే ముందు దీపం మిణుకుమంటోంది, వెనక దీపం మాత్రం చీకటిగా ఉంది. నాన్నగారు ఏమంటారు? "బల్బు పోయింది, మార్పించాలి" అంటారు. మార్చినా వెలగకపోతే "ఫ్లాషరు పోయిందేమో" అంటారు. అదీ మార్చాక ఫలితం లేకపోతే స్విచ్చి మీద పడతారు. ఇలా ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ పోవడాన్ని మనవాళ్ళు మరమ్మతు అంటున్నారు. నా ఉద్దేశంలో అది మరమ్మతు కాదు, లాటరీ.

ఈ మాట అనడానికి నాకు అర్హత ఉంది. ఎందుకంటే ఆ లాటరీ నేనూ ఆడాను. నా బండి వెనక దీపం కోసం రెండు బల్బులు, ఒక ఫ్లాషరు కొన్నాను. చివరికి దొరికిన దొంగ ఎవరో తెలుసా? ఎర్తు తీగను బిగించిన స్క్రూ కింద పేరుకున్న తుప్పు! ఉప్పు కాగితంతో రుద్దితే పని అయిపోయింది. డబ్బు పోతే పోయింది. కాని ఆ పది రోజులూ పొద్దు గుంకాక కుడివైపు తిరగవలసి వచ్చినప్పుడల్లా చెయ్యి చాపి తిరిగాను. చీకట్లో చెయ్యి ఎవరికి కనిపిస్తుంది? ఒకరోజు నా వెనకనే లారీ బ్రేకులు కీచుమన్న చప్పుడు నేనింకా మరచిపోలేదు.

నేను చేసిన పొరపాటు ఎక్కడుందో చూడండి. బ్యాటరీ నుంచి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజు, తాళం, ఫ్లాషరు, హ్యాండిలు మీది స్విచ్చి దాటుకొని, అక్కడినుంచి రెండు దారులుగా చీలి ముందు బల్బుకూ, వెనక బల్బుకూ వెళుతుంది. ముందు దీపం వెలుగుతున్నదంటే చీలిక వరకూ ఉన్నవన్నీ నిర్దోషులే గదా! ఇక ఫ్లాషరు కొనడంలో అర్థమేముంది? బండిని ముట్టుకోకుండానే, ఒక్క నిమిషం ఆలోచిస్తే తేలే సంగతి ఇది. నేను ఆలోచించలేదు, దుకాణానికి పరుగెత్తాను.

మీ పాఠ్యపుస్తకంలోని వలయంలో పోవడానికొక తీగ, రావడానికొక తీగ ఉంటాయి. బండిలో అలా కాదు. విద్యుత్తు తిరిగి రావడానికి బండి ఇనుప చట్రమే దారి. దీన్నే ఎర్తు అంటారు. ప్లాస్టిక్ భాగాలున్న చోట ఒక చిన్న తీగ లాగి చట్రానికి స్క్రూతో బిగిస్తారు. వానకూ, బురదకూ ముందుగా చెడేది ఆ స్క్రూ దగ్గరి అతుకే. మనం పోయే దారినంతా వెతుకుతాం, వచ్చే దారిని మరచిపోతాం.

కొంచెం లెక్క వేద్దాం. 12 వోల్టుల, 10 వాట్ల బల్బు తీసుకొనే విద్యుత్తు దాదాపు 0.83 ఆంపియర్లు. అంటే వెలిగేటప్పుడు దాని నిరోధం 14.4 ఓములు. తుప్పు వల్ల దారిలో ఇంకో 5 ఓములు చేరాయనుకోండి. ప్రవాహం 0.62 ఆంపియర్లకు పడిపోతుంది. బల్బుకు చేరేది సుమారు ఐదున్నర వాట్లు. ఫిలమెంటు చల్లబడితే దాని నిరోధం కూడా తగ్గుతుంది కనుక ఈ లెక్క అచ్చంగా సరిపోదు. కాని కాంతి మాత్రం ఎర్రబారి, సగానికన్న బాగా తగ్గిపోతుంది. తుప్పు ఇంకా ముదిరితే దీపం అసలు కనిపించదు.

ఇక్కడొక తమాషా ఉంది. బల్బు తీసేసి హోల్డరు రెండు కొసల మధ్య వోల్టుమీటరు పెట్టారా, అది చక్కగా 12 వోల్టుల దాకా చూపిస్తుంది! మీటరు తనలోంచి పోనిచ్చే విద్యుత్తు అత్యల్పం. అంత కొంచెం ప్రవాహానికి 5 ఓముల తుప్పు ఒక అడ్డే కాదు. మీటరు అబద్ధమాడలేదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు. భారం మోయించనిదే తాడు బలం తెలియనట్టు, ప్రవాహం నడిపించనిదే అతుకు సంగతి తెలియదు.

కార్లలోని ఫ్లాషరు కొంత మేలు. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు దీపాన్ని ఆర్పి వెలిగించాలి. ఒక బల్బు పోతే చాలా కార్లలో అది హడావుడిగా కొట్టుకొని డ్రైవరుకు కబురు చెబుతుంది. పాతకాలపు వేడితో పనిచేసే ఫ్లాషరైతే నెమ్మదిస్తుంది, లేదా ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. మామూలు బల్బు తీసి ఎల్.ఇ.డి. బల్బు పెట్టినా ఇలాంటి గొడవే వస్తుంది. అది తక్కువ విద్యుత్తు తీసుకుంటుంది కనుక ఫ్లాషరు బల్బు పోయిందని భ్రమపడుతుంది.

మెకానిక్కులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నాలుగు బండ్లు వరుసలో నిలబడి ఉండగా, అనుభవంతో ఒక ఊహ చేసి బల్బు మార్చి చూడడం వారికి త్వరగా తెమిలే పని. ఆ ఊహ చాలాసార్లు నిజమవుతుంది కూడా. నా కోపమంతా మన చదువు మీద. ఓమ్ నియమం 1827లో పుస్తకంగా వచ్చింది. ఆ నియమాన్ని గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటాం. అదే నియమం స్కూటరు వెనక తుప్పు పట్టి కూర్చుంటే గుర్తుపట్టలేం. ఫ్యూజు పోతే దాని బదులు రాగి తీగ చుట్టే పెద్దమనుషుల్లో పదో తరగతి దాటినవారు తక్కువా? ఫ్యూజుల పాఠం మటుకు నల్లబల్ల మీద కాక, మాస్టారి బండి దగ్గర నిలబడి చెప్పాలని నేనంటాను.

మీరు చేసి చూడదలిస్తే ఒక 12 వోల్టుల పాత ఇండికేటరు బల్బుకు రెండు తీగలు కట్టుకోండి. మామూలు బల్బులున్న బండి మీదనే చేయండి, ఎల్.ఇ.డి. దీపాలున్న వాటి జోలికి పోకండి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, ఇండికేటరు వేయండి. వెలగని దీపంలోంచి బల్బు తీసి, మీ తీగల్లో ఒకటి బ్యాటరీ ఋణధ్రువానికి, రెండోది హోల్డరు అడుగున ఉన్న బొడిపెకు తాకించండి. ఆ తీగ కొస హోల్డరు అంచుకు తగలకూడదు సుమా, తగిలితే ఫ్యూజు పోతుంది. బల్బు బాగా మిణుకుమంటే పోయే దారి బాగుంది. ఇప్పుడు మొదటి తీగను బ్యాటరీ నుంచి తీసి హోల్డరు లోహపు అంచుకు ఆనించండి. కాంతి మసకబారితే, లేదా మాయమైతే, ఆ ఎర్తు స్క్రూ విప్పి చూడండి. అంతకన్న ముందు ఈ రెండు పరీక్షలూ బాగా వెలుగుతున్న ఎడమ దీపం దగ్గర చేసి, కాంతి ఎంత ఉందో గుర్తు పెట్టుకోండి.