మన తీరమునకు చాలిన విమానము

భోగాపురమునందు విమానాశ్రయమునకు 2019 ఫిబ్రవరి 14వ తేదిని ఒకమాఱును, 2023 మే 3వ తేదిని మఱియొకమాఱును శంకుస్థాపన జరిగినది. విజయనగరమువారగు పూసపాటి అశోక్ గజపతిరాజుగారు 2014 మొదలు 2018 వఱకు పౌరవిమానయానశాఖ మంత్రిగా నుండిరి. శ్రీకాకుళమువారగు కింజరాపు రామమోహన నాయుడుగారు 2024 జూనులో నా పదవినే చేపట్టిరి. ఇంత గౌరవము మనకు దక్కినను, విమానము నడుప నేర్వగోరు మన పిల్లవానికి దారి యేదియని యడిగినచో జవాబు చెప్పుట కష్టము. విమానమెక్కుట వేఱు, నడుపుట వేఱు. నడుపుట నేర్చుకొనునది చిన్న విమానముతోడనే.

బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీసువారు నిర్మించిన హంస యట్టి విమానము. గురుశిష్యు లిద్దఱు ప్రక్కప్రక్కను కూర్చుందురు, ఇంజను ఒక్కటియే. హంస-3కు టర్బోఛార్జరు గల రోటాక్స్ 914 ఇంజను నమర్చిరి. దాని బలము 115 అశ్వశక్తులు. ఇంజనునుండి వెలువడు పొగ వృథాపోక యొక చిన్న చక్రమును త్రిప్పును; అదే యిరుసుపై నున్న రెండవ చక్రము బయటిగాలిని అదిమి యింజనులోనికి పంపును. కొలిమిపొగయే కొలిమితిత్తి నూదుచున్న దనుకొనుడు. మీదికి పోయినకొలది గాలి పలుచనై సాధారణపు టింజను నీరసించును. టర్బోఛార్జరు గలది చాల యెత్తువఱకు బలము కోల్పోదు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న బెంగుళూరులో దీనివలన మేలు కలదు.

మనకో? మనది సముద్రపుటొడ్డు. మనకు చేరువలోని పెద్ద శిఖరములలో నొకటియైన దేవమాలియే 1,672 మీటర్లు. టర్బోఛార్జరు మిక్కిలి వేడెక్కును. దిగినవెంటనే యింజను నార్పక కొంతసేపు నెమ్మదిగా నడపి చల్లార్పవలెను. క్రొత్తవానికి అదియొక బరువు, మరమ్మతుఖర్చు వేఱు. కొండలు దాటి దూరప్రయాణములు చేయు ధనికులు కొనుక్కొందురుగాక, నా కభ్యంతరము లేదు. 2021 సెప్టెంబరు 3న మొదట నెగిరిన హంస-ఎన్.జి.కి ఆ లేబొరేటరీవారే టర్బోఛార్జరు లేని రోటాక్స్ 912 ఇంజను నమర్చిరి. అది 2022 ఫిబ్రవరిలో 140 నాటికల్ మైళ్ళు గంటన్నరలో దాటి పుదుచ్చేరి చేరి, సముద్రతీరపు పరీక్షలయందు నెగ్గినది. మనకది చాలును.

అసలు చిక్కు ఇంజనుది కాదు, రూకలది. వాణిజ్య వైమానికుని లైసెన్సునకు పదునెనిమిదేండ్లు నిండి, 200 గంటలు విమానము నడిపి యుండవలెను. గంటగంటకును ఇంధనము, గురువు జీతము, మరమ్మతు! పొలమమ్మక యీ విద్య చెప్పింపగల తండ్రులు మనలో నెందఱు? విమానాశ్రయముకొఱకు మరడపాలెము, ముడసర్లపేట, బొల్లింకలపాలెము, రెల్లిపేటవారు ఇండ్లే విడిచి పోయిరి. వారి బిడ్డలకు ఆ యాశ్రయమున సామానులు మోయుపని మాత్రమే మిగులుట న్యాయము కాదు.

మాన్సాస్ ట్రస్టువారును జి.ఎం.ఆర్. వారును విమానవిద్యానగరమును గూర్చి 2025లో నొడంబడిక చేసికొనిరి. అందు మేడలకంటె ముందు రెండు హంసలు, ఒక మరమ్మతుశాల, అనుభవముగల గురువులు కావలెను. ఏటేట కొన్ని స్థానములు ఆ నాలుగూళ్ళ పిల్లలకు, బాలికలకు గూడ, విడిచిపెట్టవలెనని నా కోరిక. వారి ఫీజును ఉద్యోగము దొరకిన పిమ్మట జీతమునుండి కొంచెముకొంచెముగా రాబట్టుకొనవచ్చును.