పరాయి ఊళ్ళో ఫుట్‌బాల్

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన ప్రతివాడికీ ఆగస్టు వచ్చేసరికి ఒక ధర్మసందేహం మొదలవుతుంది. మన జట్టు బయట ఆడే ఆటల్లో ఏడాదికి ఒక్కదానికే వెళ్ళగలిగితే, ఎక్కడికి వెళ్ళాలి? యూనివర్సిటీ తప్ప పెద్దగా ఏమీ లేని చిన్న ఊరికా, యూనివర్సిటీ ఏదో ఒక మూలన ఉండే మహానగరానికా? మా మిత్రబృందంలో ఎక్కువ ఓట్లు నగరానికే. నా ఓటు మాత్రం చిన్న ఊరికి.

(ఇంటిదగ్గర చదివేవాళ్ళ కోసం: ఇది కాలితో కంటే చేత్తోనే ఎక్కువ ఆడే అమెరికా ఫుట్‌బాల్. ఆడేది కాలేజీ కుర్రాళ్ళే గానీ, యాన్ ఆర్బర్‌లో మిషిగన్ వాళ్ళ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. మన ఉప్పల్ స్టేడియం దానిముందు చిన్నబోతుంది.)

నాకు నగరాలంటే పడదనుకునేరు. నేను ఎమ్మెస్ చేసిందే మినియాపొలిస్ నడిబొడ్డున, మిన్నెసోటా యూనివర్సిటీలో. అందుకని ముందు నగరం తరఫు వాదన నిజాయితీగా చెప్పేస్తాను. నేరుగా విమానం ఉంటుంది. హోటళ్ళు బోలెడు. ఆట ఉన్నా లేకపోయినా వాటి అద్దె పెద్దగా మారదు. ఆట మీద ఆసక్తి లేని ఇల్లాలికీ పిల్లలకీ చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. సాయంత్రానికి ఇడ్లీ సాంబారు దొరుకుతుంది. చిన్న ఊళ్ళో ఇవేవీ ఉండవు. ఉన్న నాలుగు హోటళ్ళూ ఆట వారాంతంలో రేట్లు ఆకాశానికి ఎత్తేసి, రెండు రాత్రులు తీసుకుంటేనే గది అంటాయి. పెన్ స్టేట్ వాళ్ళ ఊరికి వెళ్ళి గది దొరక్క, నలభై మైళ్ళ దూరాన ఆల్టూనాలో దిగేవాళ్ళు ఎందరో. ఆట అయ్యాక కారు పార్కింగులోంచి బయటపడటం ఇంకో ఆట.

ఇన్ని కష్టాలుంటే నీకు చిన్న ఊరెందుకు నాయనా అంటారా? రెండు ప్రయాణాలు చెప్తాను.

2024లో మా బిగ్ టెన్ లీగులోకి పశ్చిమ తీరం నుంచి నాలుగు జట్లొచ్చి చేరాయి. దాంతో ఆ అక్టోబరులోనే మా జట్టు యూసీఎల్ఏతో ఆడటానికి లాస్ ఏంజెలెస్ వెళ్ళింది, నేనూ వెళ్ళాను. రోజ్ బౌల్ స్టేడియం, వెనకాల కొండలు, సాయంత్రపు ఎండ, చూసి తీరాల్సిందే. పైగా 21-17తో గెలిచాం. కానీ ఆ స్టేడియం ఉన్నది పాసడీనాలో, యూసీఎల్ఏ ఉన్నది వెస్ట్‌వుడ్‌లో. మధ్యన పాతిక మైళ్ళ పైనే. 1982లో యూసీఎల్ఏ అక్కడికి మారిన నాటినుంచీ వాళ్ళ పిల్లలే తమ సొంత ఆటకి బస్సెక్కి వెళ్ళాల్సి వచ్చేది. ఆట ముగిసి మూడు మైళ్ళు దాటామో లేదో, అక్కడ ఆట జరిగిందన్న సంగతి కూడా ఆ మహానగరానికి తెలిసినట్టు లేదు. నేను గెలిచిన వాడినని గుర్తించడానికి ఓడిపోయినవాడు ఒక్కడూ కనపడలేదు!

అంతకు ముందేడు, 2023 అక్టోబరులో, అయోవా సిటీకి వెళ్ళాను. మా ఊరినుంచి మూడొందల మైళ్ళు. డబ్బా నిండా పులిహోర కలుపుకుని కారులో బయల్దేరాం. ఊరి జనాభా ఇంచుమించు డెబ్భై అయిదు వేలు, స్టేడియంలో పట్టేది దాదాపు డెబ్భై వేలు. అంటే ఆ రోజు అదొక జాతర. ఏ ఇంటి ముందు చూసినా పొయ్యి, ఏ వీధిలో చూసినా పసుపూ నలుపూ. మొదటి క్వార్టరు అవగానే స్టేడియమంతా లేచి, పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి వైపు తిరిగి చేతులు ఊపుతుంది. పైఅంతస్తు కిటికీల్లోంచి పిల్లలు తిరిగి ఊపుతారు. 2017 నుంచీ ఉన్న ఆనవాయితీ ఇది. అవతలి జట్టువాళ్ళం మేమూ ఊపాం. గొంతు పూడుకుపోయిందంటే నమ్మండి.

ఆట ఆఖర్లో వాళ్ళ కుర్రాడు మేం తన్నిన బంతిని పట్టుకుని పరిగెత్తి టచ్‌డౌన్ చేస్తే, పట్టుకునేముందు చెయ్యి ఊపాడు కాబట్టి చెల్లదన్నారు రిఫరీలు. చేతులు ఊపే స్టేడియంలో చెయ్యి ఊపినందుకే టచ్‌డౌన్ పోయింది. 12-10తో మేం గెలిచి, 1935 నుంచీ రెండు రాష్ట్రాలూ పంతం పట్టి ఆడుకుంటున్న కంచు పందిని పట్టుకొచ్చాం. (అవును, బహుమతి పందే.)

అయితే నేను చెప్పదల్చుకున్నది గెలుపు గురించి కాదు. ఈ దేశంలో "ఎక్కడినుంచి వచ్చావు?" అన్న ప్రశ్న మనందరికీ అలవాటే. మినియాపొలిస్ అని చెప్తే, "అది సరే, అసలు ఎక్కడినుంచి?" అని వెంటనే ఇంకోటి వస్తుంది. ఆ రోజు అయోవా సిటీలో నన్ను ఆ రెండో ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నా ఒంటిమీది మెరూన్ చొక్కాయే సమాధానం. పక్క కారు పెద్దాయన నన్ను చూసి "మిన్నెసోటానా, అయ్యో పాపం" అన్నాడు, తన పొయ్యిమీది మొక్కజొన్న కండె చేతిలో పెట్టాడు, మా పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాడు. బావాబామ్మర్దుల వేళాకోళంలా ఉంది. పరాయి దేశంవాడిని కాదు, పక్క రాష్ట్రంవాడిని. శత్రువుగా చూడటంలో కూడా ఒక చుట్టరికం ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

అన్ని చిన్న ఊళ్ళూ ఇలాగే ఉంటాయని నేను పూచీ పడను. "మన రంగు, మన యాస చూసి ఎవడైనా తాగి ఏదన్నా అంటేనో?" అని మా స్నేహితుడి భార్య అడిగింది. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు పొద్దుటిపూట మొదలయ్యే ఆట ఎంచుకోండి, రాత్రి ఆటలకి తాగుడు ఎక్కువ.

నగరమే కావాలంటే చూసుకోవాల్సింది ఒక్కటే: విద్యార్థులు స్టేడియానికి నడిచి వెళ్ళగలరా? సియాటిల్లో చెరువు గట్టునే స్టేడియం, 2016 నుంచీ అక్కడిదాకా రైలుంది. అట్లాంటాలో జార్జియా టెక్ వాళ్ళు 1913 నుంచీ ఊరి మధ్యన అదే చోట ఆడుతున్నారు. మా వాళ్ళు 1982లో క్యాంపస్ వదిలి డౌన్‌టౌన్‌లో గొడుగు కింద స్టేడియానికి వెళ్ళారు, ఇరవై ఏడు సీజన్లు ఆడాక 2009లో క్యాంపస్‌లోనే కొత్తది కట్టుకుని ఇంటికొచ్చారు. ఆట చదువుకునే చోట ఉంటేనే దానికి ఊరంటూ ఒకటి ఉంటుంది.

ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లలు ల్యాబూ అపార్ట్‌మెంటూ తప్ప ఏమీ చూడకుండానే రెండేళ్ళూ గడిపేస్తారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదే: మీ కాలేజీ చొక్కా వేసుకుని ఒక్కసారి పక్క రాష్ట్రపు చిన్న ఊరికి వెళ్ళిరండి. హోటల్ గది మాత్రం షెడ్యూలు రాగానే పట్టుకోండి.