గుఱి మందులు – అత్తగారి సమ్మతి



కల్యాణదుర్గము వైపునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి అత్తగారికి కడుపులో క్యాన్సరు ముదిరినదట. వాడుకలోనున్న కీమో మందులకు తోడుగా ఒక క్రొత్త మందును పరీక్షించుచున్నామనియు, ఇష్టమున్నచో అందు చేరవచ్చుననియు బెంగుళూరిలో వైద్యులు చెప్పిరట. “మా వారును మా మఱదియును సంతకము చేయ సిద్ధముగా నున్నారు. అత్తగారికి మాత్రము జబ్బు పేరే చెప్పలేదు. ఏమి చేయుదుము?” అని వారి ప్రశ్న.

మన పెద్దలు రాచపుండు అన్నది ఈ వ్యాధినే. కీమో మందు వేగముగా పెరుగు కణములనెల్ల కొట్టును. వెండ్రుకలు రాలుట, నోరు పూయుట అందువలననే. గుఱి మందు అట్లు గాక, వ్యాధికణముపై నుండు ఒకానొక గుర్తును వెదకి పట్టుకొనును. వేరుసెనగ చేనిలో గుంటక అడ్డదిడ్డముగా తోలినచో పైరును కలుపును ఒక్కటిగా తెగును. వంగి చేతితో కలుపు తీయుట వేఱు. అయితే గుర్తు లేనిచోట గుఱియు లేదు. సంజీవిని పోల్చుకొనలేక హనుమంతుడు కొండనే తెచ్చినప్పుడు మూలికను గుర్తించుటకు సుషేణుడుండెను. ఇచట ఆ పని చేయునది ముక్కపరీక్ష.

కడుపు క్యాన్సరులో హెర్-2 అను గుర్తు సుమారు ఐదుగురిలో ఒకరికే కనబడును. ఆ గుర్తున్నవారిలో కొందఱికి కీమో మాత్రమును, కొందఱికి దానితో ట్రాస్టుజుమాబ్ అను గుఱి మందును ఇచ్చి 24 దేశములలో జరిపిన పరీక్ష ఫలితములు 2010లో వెలువడినవి. కీమో మాత్రమే పొందినవారిలో సగముమంది 11.1 నెలలు దాటి జీవించిరి. రెండును పొందినవారిలో సగముమంది 13.8 నెలలు దాటిరి. ఇంతేనా యని మా పంతులుగారు పెదవి విఱిచిరి. మనుమరాలి పెండ్లి కన్నులార చూడగోరు ముసలమ్మ అట్లనునా యని మేమడిగితిమి.

కాని తోడు చేర్చిన మందెల్ల మేలు చేయునని తలపరాదు. బ్రిటనులో అన్నవాహిక, కడుపు క్యాన్సరులు ముదిరిన 553 మందిలో పానిటుముమాబ్ అను గుఱి మందును పరీక్షించిరి. దానిని చేర్చుటకై కీమో మోతాదు కొంత తగ్గింపవలసివచ్చెను. 2013లో ప్రకటించిన లెక్కలో, మందు చేర్చినవారికి 8.8 నెలలు, చేర్చనివారికి 11.3 నెలలు! పెద్దప్రేగు క్యాన్సరులో తగిన రోగులకు అదే మందు ఉపకరించుచున్నది. కావున క్రొత్త మందు మంచిదో కాదో వైద్యునికిని ముందుగా తెలియదు. తెలియదు గనుకనే పరీక్ష. ఎవరికే మందు అనునది తఱచుగా చీట్లు వేసినట్లు నిర్ణయింపబడును. క్రొత్త మందు తప్పక దొరకునను ఆశతో చేరరాదు.

ఇక సంతకము మాట. ఖమ్మము జిల్లాలో 2009లో గర్భాశయముఖ క్యాన్సరు రాకుండ బాలికలకు టీకాలు వేసి పరిశీలించిరి. టీకా మంచిదే, దానిని మేము తప్పు పట్టము. కాని 2013లో పార్లమెంటు సంఘము చెప్పినదేమన, 9,543 సమ్మతిపత్రములలో 2,763 పత్రములపై వసతిగృహపు వార్డెనులే సంతకము చేసిరట. ఎవరి దేహమో వారిని, వారి తల్లిదండ్రులను అడిగినవారు లేరు. వార్డెను చేసిన పనికిని, అత్తగారు తెలివితో మాటలాడుచుండగా కొడుకు చేయు పనికిని మాకు భేదము కనబడుట లేదు.

2019 నాటి కేంద్రప్రభుత్వ నియమములు రోగి పక్షముననే యున్నవి. రోగికి తెలిసిన భాషలో వివరింపవలెను, చదువురానివారికి నిష్పక్షపాతియగు సాక్షి యుండవలెను, పరీక్షవలన హాని కలిగినచో ఉచితవైద్యము, పరిహారము చెల్లును, ఎప్పుడైనను మానుకొనవచ్చును.

ఆ సోదరి వైద్యుని అడుగవలసినవి కొన్ని యున్నవి. ముక్కపరీక్షలో గుర్తు కనబడినదా? ట్రాస్టుజుమాబ్ వంటి మందు గుండెను బలహీనపఱచవచ్చును గనుక గుండెపరీక్ష ఎన్నాళ్లకొకసారి? మూడు వారములకొకసారి సుమారు 200 కిలోమీటర్లు పోయివచ్చుటకు ఛార్జీలెవరివి?

వైద్యుని ఎదుట కూర్చుండబెట్టి జబ్బు పేరు అత్తగారికి చెప్పింపుడు. సమ్మతిపత్రము తెలుగులో అడిగి తెచ్చుకొని, తొందరలేని ఒక మధ్యాహ్నము మీరే ఆమెకు చదివి వినిపింపుడు. వద్దన్నను వాడుక కీమో వైద్యము ఆగదని కూడ ముందే చెప్పుడు.