మన పాటల ఆర్కైవ్ – 4: కులం గడిలో ఏం రాద్దాం?

"అక్కా, సైటెప్పుడు మొదలుపెడదాం?" అని ఇన్‌బాక్స్ నిండా మెసేజులు. వాడల్లో పెద్దమ్మల పాటలు, మాటలు రికార్డు చేద్దామన్న ఉత్సాహం బాగుంది. ఇప్పటికే ఈ పని చేసినవాళ్ళను చూడకుండా దిగితే మాత్రం, మనల్ని నమ్మి నోరు విప్పిన ఆ అమ్మలే దెబ్బతింటారు.

ముందు తిరగలి పాటలు చూద్దాం. మేం ఇసుర్రాయి అంటాం. హేమా రాయిర్కర్, గీ ప్వాత్వా మహారాష్ట్ర పల్లెలు తిరిగి, ఆడవాళ్ళు విసురుతూ పాడుకునే పాటలు లక్షకు పైగా సేకరించారు. వాటిని 'పరి' (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) 2017 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతూ వచ్చింది. బీడ్ జిల్లా మాజల్‌గావ్ భీమ్‌నగర్ నుంచి రాధాబాయి బోర్హాడే అంబేడ్కర్ మీద పాడిన పాటలూ అక్కడున్నాయి. మన పాత జానపద సంకలనాలు చాలావాటిలో సేకర్త పేరు అట్ట మీదే ఉంటుంది, పాడినామె పేరు వెతుక్కోవాలి. పరిలో పాడినామె పేరు, ఊరు, వయసు, వృత్తి ఉంటాయి. కులం కూడా.

ఆ కులం గడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అయితే మరాఠా ఆమె పాడినా ఆ గడి ఉంది, నవబౌద్ధురాలు పాడినా ఉంది. అందుకే నాకది ముద్ర వేసినట్టు అనిపించలేదు. మనవాళ్ళకు మాత్రమే కులం రాసి, మిగతావాళ్ళను ఉత్త 'గాయని'గా వదిలేసే పద్ధతితోనే నా పేచీ.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసింది, మేలే. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తోచిన స్పెల్లింగుతో ఎక్కించారు. తెలుగులో కొట్టి వెతికే విద్యార్థికి ఉన్న పుస్తకం కూడా లేనట్టే.

నాకు ఎక్కువ పనికొచ్చింది ముకుర్తు. ఆస్ట్రేలియాలో వారుముంగు ఆదివాసులతో కలిసి 2007లో మొదలైంది. ఏది ఎవరు చూడొచ్చో వాళ్ళే నిర్ణయిస్తారు. కొన్ని ఆ కుటుంబానికే, కొన్ని ఆడవాళ్ళకే. అన్నీ అందరికీ తెరిచిపెట్టడమే ప్రజాస్వామ్యం అనుకునే మనకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు. ఒక పెద్దమ్మ దొర పొలంలో జరిగింది పేర్లతో సహా చెప్పిందనుకోండి. సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. అప్పటికి మనం బస్సెక్కి ఉంటాం. తెల్లారి ఆమె కూలికి పోవాల్సింది ఆ పొలానికే. వేలిముద్ర వేయించుకున్న కాగితం అక్కడ ఆమెను కాపాడుతుందా?

ముకుర్తు సాఫ్ట్‌వేర్ ఉచితమే. సర్వర్‌కు ఏటా డబ్బు కట్టేదెవరు? ఆమె మనవడి ఫోన్‌లో అది తెరుచుకుంటుందా?

కాబట్టి ఈ ఏడాది సైటు లేదు. రికార్డు చేద్దాం, వాళ్ళకే వినిపిద్దాం, తీసేయమన్నది తీసేద్దాం. పేర్ల పట్టిక తెలుగులో రాద్దాం. ఒక హార్డ్ డిస్క్ ఆ వాడలోనే ఉండాలి. కులం గడి సంగతి మీ వాడలో పాడే అమ్మల్నే అడిగి, వాళ్ళేమన్నారో కింద రాయండి.

జై భీమ్.