వెంటి చేతకానిది కాదు

నైలాన్ తాడు వచ్చాక గడ్డి వెంటితో పనేముంది, గతిలేని రోజుల్లో పేనుకున్నారు అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఇంకా వెంటి పేనే రైతు కనిపిస్తే వెనుకబాటుకు గుర్తంటారు. ఈ మాట తప్పు. వెంటి ఓడిపోలేదు, దాని ముడిసరుకును మనం లాగేసుకున్నాం.

నీళ్లు చల్లి మెత్తబరిచిన వరిగడ్డిని ఒకరు కూర్చుని కొద్దికొద్దిగా అందిస్తుంటే, ఇంకొకరు కర్రకు తగిలించి తిప్పుతూ వెనక్కి నడుస్తారు. పురి ఎక్కేకొద్దీ పోచలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, లాగితే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. దానికి పొడవైన, నలగని గడ్డి కావాలి. కొడవలితో కోసి, పనలు కట్టి, కళ్లంలో కొట్టిన వరికే అది మిగులుతుంది. కోత యంత్రం గడ్డిని నలిపి, చిందరవందరగా పొలంలో పారేస్తుంది. పైగా 1966లో ఐఆర్ 8 వరి వచ్చింది మొదలు పొట్టి రకాలదే రాజ్యం. మన మార్టేరులో పుట్టిన స్వర్ణ, ఎంటీయూ 1010 ఛత్తీస్‌గఢ్ పొలాల్లోకీ వెళ్లాయి. దిగుబడి కోసం అది సబబే. కానీ గడ్డిని పొట్టిచేసి, నలిపేసి, ఆపైన తాడు చేతకానిదనడం అన్యాయం.

బలం మాటకొస్తే, పెరూలో అపురిమాక్ నది మీద క్వెస్వాచాకా వంతెనను ఊళ్లవాళ్లు ఏటా గడ్డి తాళ్లతోనే కొత్తగా కడతారు. మనుషులు దాని మీద నడుస్తారు. 2013లో యునెస్కో ఆ విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది. అంత దూరం ఎందుకు? మన పల్లెల్లో వెంటిని చుట్ట మీద చుట్టగా పేరుస్తూ, లోపల ధాన్యం పోస్తూ, నిల్వకు పురి కట్టేవారు. ధాన్యం బరువంతా బయటికి తోస్తుంటే ఆపింది ఆ గడ్డి చుట్టలే.

నైలాన్ ఎక్కువకాలం ఉంటుందంటారు. పన కట్టుకు అంతకాలం ఎందుకు? కళ్లం పని అయ్యేదాకా నిలిస్తే చాలు. తర్వాత వెంటిని పశువు మేస్తుంది, లేదా పెంటలో కుళ్లి ఎరువవుతుంది. ప్లాస్టిక్ పోగు గడ్డితోపాటు ఆవు కడుపులోకి పోతే అరగదు, ప్రాణం మీదికి తెస్తుంది.

శబరి ఒడ్డున కుంట వైపు దోర్లా, కోయ రైతుల వానాధారపు మడుల్లో కొడవలి కోత ఇంకా ఉంది. వాళ్లకు పాఠం చెప్పే ముందు వాళ్ల గడ్డిని కాపాడాలి. వరి శాస్త్రవేత్త డాక్టర్ రిఛారియా 1970లలో రాయపూర్ కేంద్రంగా వేల దేశవాళీ వరి రకాలు సేకరించారు. వాటిలోని పొడవు రకాల్లో కొన్నింటికైనా వ్యవసాయ శాఖ విత్తన పంపిణీలో చోటివ్వాలి, రకం ఎంచేటప్పుడు గింజతోపాటు గడ్డి పొడవునూ లెక్కలోకి తీసుకోవాలి.