ఆయన దిగులుకు డాక్టరు, ఆమె దెబ్బలకు సర్దుబాటు

2025 జూన్ నెలాఖరులో నేను మా ఊరు పెద్దారవీడులో ఉన్నాను. రాత్రి అన్నాలయ్యాక మా వదిన, మేనకోడలు, పక్కిళ్ల ఆడవాళ్లు ఇద్దరు అరుగు మీద కూర్చుని ఒకే సెల్‌ఫోన్‌లో ‘రానా నాయుడు’ చూస్తున్నారు. వాళ్లలో ఒకామె ఏటా సంక్రాంతి దాటగానే గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయి, ఎండలు ముదిరాక తిరిగొస్తుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె ఎడమ చెయ్యి వాచి ఉంది. ముందురోజు మొగుడు కట్టెతో కొట్టాడు. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, తెర మీది మనిషిని చూస్తూ, “పాపం, చిన్నప్పుడు వాళ్ల నాయన చేసినదానికి ఈయన ఇట్టా తయారైనాడు. లోపల ఎంత బాధ ఉందో ఏమో అక్కా” అంది.

మర్నాడు ఆమె వెంట నేను ఒక పోలీసు స్టేషనుకు వెళ్లాను. అక్కడ కౌన్సెలింగు పేరుతో కూర్చోబెట్టిన పెద్దమనిషి ఆమె వాచిన చేతిని చూశాడు. తరవాత అన్నాడు: “మీ ఆయన బోర్లేసి అప్పులపాలైనాడు. టెన్షన్‌లో ఉన్నాడు. మనిషికి లోపల బాధ ఉంటది కదమ్మా. నువ్వే కాస్త సర్దుకోవాల.”

రాత్రి అరుగు మీద విన్న మాటనే పగలు స్టేషనులో విన్నాను. ఈ వ్యాసం ఆ రెండు మాటల మధ్య ఉన్న చుట్టరికం గురించి.

ఈ సంగతి చెబితే నా తోటి పరిశోధకులు కొందరు నవ్వారు. సీరియళ్లు చూసి మొగుళ్లు కొట్టడం నేర్చుకుంటారా అని అడిగారు. నేను ఆ మాట అనడం లేదు. మా ఊళ్లో మొగుళ్లు టెలివిజన్ రాకముందు నుంచే కొడుతున్నారు. ఈ కథలు నేర్పుతున్నది కొట్టడం కాదు. కొట్టినవాణ్ణి చూసి జాలిపడటం. దెబ్బతిన్న స్త్రీకి సైతం, తన చెయ్యి కన్నా ముందు అతని మనసు కనిపించేటట్టు చెయ్యడం.

డాక్టరు గదిలో ముఠా నాయకుడు

ఈ తరహా కథలకు దారి వేసింది ఒక అమెరికన్ సీరియల్. 1999 జనవరి 10న హెచ్‌బీఓలో ‘ది సొప్రానోస్’ మొదలైంది. డేవిడ్ చేజ్ రూపొందించిన ఈ సీరియల్ 2007 జూన్ దాకా 86 భాగాలు నడిచింది. టోనీ సొప్రానో న్యూజెర్సీలో ఒక మాఫియా ముఠాకు నాయకుడు. బయట వసూళ్లు, హత్యలు. ఇంట్లో తల్లితో, భార్య కార్మెలాతో, పిల్లలతో తగవులు. ఉన్నట్టుండి గుండెదడ వచ్చి కుప్పకూలుతుంటాడు. జెనిఫర్ మెల్ఫీ అనే మనోవైద్యురాలి దగ్గర కూర్చుని తన దిగులు చెప్పుకుంటాడు. ఆ గది లోంచి చూసేసరికి హంతకుడు మనకు పరిచయమున్న ఇంటి యజమాని అయిపోతాడు.

సరిగ్గా మూడు రోజులకు, జనవరి 13న, సంక్రాంతి పండక్కి మన దగ్గర ‘సమరసింహారెడ్డి’ విడుదలైంది. ఆ తరవాత ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002) వరసగా వచ్చాయి. మన కథానాయకుడు డాక్టరు దగ్గరికి పోడు. ఆయనకు ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. వాళ్ల దగ్గర మనోవైద్యురాలు చేసే పని మన దగ్గర ఫ్లాష్‌బ్యాక్ చేస్తుంది. అంతకు ముందు నరికిన తలలన్నిటికీ అది లెక్క అప్పజెబుతుంది. ఆ లెక్క ఎప్పుడూ కుటుంబం పేరుతోనే ఉంటుంది. అన్న కోసం, చెల్లి కోసం, వంశం కోసం. చంపింది ఎవరి కోసమో చెబితే చాలు, చంపడం గురించి ఇక ఎవరూ అడగరు.

‘సొప్రానోస్’లో ఒక సంఘటన నాకు మరపు రాదు. 2001లో వచ్చిన ఒక భాగంలో, టోనీ ముఠా నడిపే క్లబ్బులో నాట్యం చేసే ఇరవయ్యేళ్ల అమ్మాయిని ముఠా మనిషి ఒకడు కొట్టి చంపుతాడు. ఆమె గర్భవతి. టోనీ కలత పడతాడు. డాక్టరు గదిలో భార్య పక్కన కూర్చుని ఆ దిగులు చెప్పుకుంటాడు కూడా. కానీ పోయింది తమ దగ్గర పనిచేసే ఒక కుర్రాడని చెబుతాడు. అంటే ఆమెకు చావు తరవాత కూడా ఆడదానిగా చోటు దొరకలేదు. మిగిలింది ఆయన దిగులు ఒక్కటే.

ఆ సీరియల్ అభిమానులు నాతో వాదిస్తారు. రచయితలు ఈ మోసాన్ని కావాలనే బట్టబయలు చేశారంటారు. నిజమే, ఒప్పుకుంటాను. అదే ఏడాది మరొక భాగంలో కార్మెలా ఇంకొక మనోవైద్యుడి దగ్గరికి వెళుతుంది. ఆయన ఆమెను ఓదార్చడు. పిల్లల్ని తీసుకుని ఆ ఇంట్లోంచి బయటికి రమ్మంటాడు. ఆ డబ్బుకు నెత్తురంటిందని చెప్పి ఫీజు కూడా తీసుకోడు. కార్మెలా బయటికి రాదు. కూతురు చదివే విశ్వవిద్యాలయానికి యాభై వేల డాలర్ల విరాళం ఇమ్మని మొగుణ్ణి పట్టుబడుతుంది. ఆఖరుకు 2007లో మెల్ఫీ కూడా తన వైద్యం ఇతన్ని బాగుచెయ్యడం లేదనీ, ఇతని నేరానికి పదును పెడుతున్నదనీ గ్రహించి తలుపు మూసేస్తుంది. అంటే, జాలి కథను పుట్టించిన సీరియలే ఆ జాలి దండగని తేల్చింది. అయినా దాన్ని చూసి తయారైన కథలు దిగులును తీసుకున్నాయి, మూసిన తలుపును వదిలేశాయి.

బూతులే బూతా?

‘రానా నాయుడు’ మొదటి భాగం 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ‘రే డోనవన్’ అనే అమెరికన్ సీరియల్‌కు ఇది మన దేశపు రూపం. ముంబయిలో సినిమా వాళ్ల కుంభకోణాలను కప్పిపుచ్చే కొడుకుగా రానా, జైలు నుంచి తిరిగొచ్చిన తండ్రిగా వెంకటేశ్ నటించారు. హిందీలో తీసి తెలుగులోకి మార్చారు. తెలుగు ఇళ్లలో గొడవైంది. కుటుంబ చిత్రాల హీరో ఇన్ని బూతులు మాట్లాడతాడా, ఇంటిల్లిపాదీ కూర్చుని ఎట్లా చూస్తాం అని అందరూ అడిగారు.

నేను అడిగేది వేరు. ఇంటిల్లిపాదీ కూర్చుని ‘సమరసింహారెడ్డి’ చూశాం కదా? కత్తికి నెత్తురు అంటినప్పుడు పిల్లల కళ్లు ఎవరు మూశారు? మన సమాజానికి బూతు మాట అసభ్యం. ఆడదాని వాచిన చెయ్యి అసభ్యం కాదు. కుటుంబంతో చూడలేం అనేవాళ్లు, ఆ కుటుంబంలో ఏం జరుగుతున్నదో చూడమంటే మాత్రం ముఖం తిప్పుకుంటారు.

ఈ కథలన్నిటిలో హింస వీధిలో ఉంటుంది, ఇల్లు దానికి బాధితురాలిగా కనిపిస్తుంది. వాస్తవం దీనికి తలకిందులు. ముఠా బతికేది ఇంటి మీద. అనుచరులకు వేళాపాళా లేకుండా వండి వార్చేది ఎవరు? కేసుల్లో ఇరుక్కున్నవాడి పొలం, పశువులు, పిల్లల్ని చూసుకునేది ఎవరు? మగపిల్లవాణ్ణి కని పగకు వారసుణ్ణి ఇవ్వాల్సింది ఎవరు? 1998లో కృష్ణవంశీ తీసిన ‘అంతఃపురం’ ఈ ప్రశ్న అడిగింది. అందులో సౌందర్య పాత్రకు భర్త హత్య తరవాత ఎదురయ్యే శత్రువు బయటివాడు కాదు, మనవణ్ణి వారసుడిగా పట్టి ఉంచుకునే సొంత మామ. ఆమె బయటపడటానికి అత్త సాయపడుతుంది. ఆ సినిమాను మెచ్చుకున్నాం. కానీ ఆ తరవాత ఏళ్ల తరబడి పండగలకు చూసినవి మాత్రం మామ వైపు కథలే.

టెలివిజన్ గురించి మాట్లాడుతూ ఇంకొక సంగతి వదలలేను. 1993లో ధర్మవరంలో ఫ్యాక్షన్ పగల్లో భాగంగా టెలివిజన్ పెట్టెలో అమర్చిన బాంబు పేలి ఒక ఇంటి మనుషులు చనిపోయారు. 2010లో వచ్చిన ‘రక్తచరిత్ర’ రెండో భాగం ఆ ఘటనను వాడుకుంది. అక్కడ కూడా పోయినవాళ్లు బతికినవాడి పగకు కారణంగా మాత్రమే మిగిలారు. వాళ్లు అతని ఫ్లాష్‌బ్యాక్ అయిపోయారు.

టెన్షన్ ఎవరికి లేదు?

మళ్లీ మా ఊరికి వస్తాను. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. సీమ కరువు మాకూ ఉంది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు నాతోపాటు చదువుకున్న పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. తాగే నీళ్లలో ఫ్లోరైడు. బోరు మీద బోరు వేసి అప్పుల్లో మునిగిన రైతులు ప్రతి ఊళ్లో ఉన్నారు. మగవాళ్ల టెన్షన్ అబద్ధమని నేను అనను.

కానీ ఆ టెన్షన్ ఆమెకు లేదా? డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు ఆమె పేరు మీదే ఉంది. ఆ డబ్బు కూడా బోరులోకే పోయింది. కంతు కట్టకపోతే గ్రూపులో నలుగురిలో మాట పడేది ఆమె. మిరప కోతలో వేళ్లు మండుతూ కూలి సంపాదించేది ఆమె. ఆయన తాగే ఫ్లోరైడు నీళ్లే ఆమె తాగుతోంది. పైగా వాటిని మోసేది కూడా ఆమే. మరి ఆమె ఎవర్ని కొట్టింది?

ఇంకొకటి చూడండి. ఆయన టెన్షన్ వడ్డీ వ్యాపారి ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. బ్యాంకు మేనేజరు ముందు తల వంచుకుంటుంది. స్టేషను గడపలో చెప్పులు విడుస్తుంది. ఇంటికొచ్చాకనే దానికి చేతులు లేస్తాయి. ఎవరి ముందు లేవాలో, ఎవరి ముందు లేవకూడదో ఇంత కచ్చితంగా తెలిసినదాన్ని అదుపు తప్పిన బాధ అని ఎట్లా అంటాం? అది అధికారం. దానికి పెట్టిన ముద్దుపేరు టెన్షన్.

చట్టం ఒక గది కట్టింది

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉంది. దాని కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగుకు పంపవచ్చు. ఆ కౌన్సెలింగు ఎట్లా జరగాలో 2006 నియమాల్లో 14వ నియమం చెబుతుంది. హింస చేసినవాడు తాను ఎందుకు చేశాడో అక్కడ సమర్థించుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి కూర్చోబెట్టే ముందే అతనికి చెప్పాలి.

ఈ నియమం ఎంత గొప్పదో ఆలోచించండి. ఫ్లాష్‌బ్యాక్ పనిచెయ్యని గదిని ఒకదాన్ని చట్టం కట్టింది. మన దగ్గర స్టేషన్లలో, పెద్దమనుషుల సమక్షంలో జరిగే సర్దుబాట్లు ఈ నియమానికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ మొదటి గంట అంతా ఆయన ఫ్లాష్‌బ్యాకే. ఆమె చెయ్యి సంగతి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, అందరికీ ఆకలేస్తుంది.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ఫిర్యాదుతో వచ్చిన స్త్రీకి ఆమె హక్కులేమిటో, రక్షణాధికారి ఎక్కడ దొరుకుతారో పోలీసులు చెప్పి తీరాలి. ఇది చట్టంలో 5వ సెక్షను వాళ్ల మీద పెట్టిన బాధ్యత. ఆమె చెప్పింది చెప్పినట్టు గృహహింస నివేదికగా రాయాలి. ఆ కాగితం లేకుండా ఏ సర్దుబాటూ మొదలు కాకూడదు. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా ఉండాలని, ఆ వాయిదా నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆ గడువులు ఎందుకు దాటుతున్నాయో కోర్టుల్ని అడగాలి. ఇల్లు ఆయన పేరు మీద ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకు ఉందని 17వ సెక్షను చెబుతుంది. కొడితే ఆమే బయటికి పోవాలనే రూలు ఎక్కడా లేదు.

ఈ కథల్ని నిషేధించమని నేను కోరడం లేదు. నిషేధాలు అడిగేవాళ్లు రేపు మన పత్రికల్నీ వదలరు. చూడండి. అరుగు మీద కలిసి కూర్చునే చూడండి. కానీ ఆయన బాల్యం మొదలయ్యే చోట ఆపి, ఆ ఇంట్లో ఆడవాళ్లకు బాల్యం లేదా అని ఒకరినొకరు అడగండి. డాక్టరు ఫీజు కట్టిన డబ్బు ఎవరి నెత్తురో అడగండి.

ఆ మర్నాడు నేను స్టేషనులో ఆ పెద్దమనిషికి 14వ నియమం చదివి వినిపించాను. ఆయన నా వైపు చూసి, “మీరు చదువుకున్నోళ్లు, మీకేం మేడం” అన్నాడు. ఆమెను తీసుకుని రక్షణాధికారి కార్యాలయానికి వెళ్లాం. నివేదిక రాయించడానికి మూడు సార్లు తిరగాల్సి వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. ఆమె తన ఇంట్లోనే ఉంది.

మొదటిసారి ఆమె ఒంటరిగా ఆ స్టేషనుకు వెళ్లినప్పుడు అర్జీ కూడా తీసుకోకుండా పంపేశారట. రెండోసారి ఇద్దరం వెళితే కూర్చోమన్నారు. ఈ తేడాను గుర్తుపెట్టుకుందాం. మీ ఊళ్లో ఏ స్త్రీ అయినా వాచిన చేతితో స్టేషనుకు బయల్దేరితే ఆమె వెంట వెళ్లండి. ఒక నోటుపుస్తకం తీసుకుపోండి. ఆమెకు ఎవరు ఏం చెబుతున్నారో ఆమె ముందే రాయండి. అక్కడ ఎవరైనా ఆయన టెన్షన్ గురించి మొదలుపెడితే, ముందు ఈమె చెయ్యి చూడమనండి.